అట్లాంటా ఇటుక, బర్మింగ్‌హామ్ ఇనుము

బుధవారం, అట్లాంటా

కాబేజ్‌టౌన్ వీధులు ఎంత ఇరుకంటే, ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు పక్కకు ఆగి దారివ్వాలి. రెండు వైపులా చిన్న చిన్న చెక్క ఇళ్లు. ముందు వసారా, ఒక గది వెనకాల ఇంకో గది. ఫుల్టన్ బ్యాగ్ అండ్ కాటన్ మిల్లు తన పనివాళ్ల కోసం కట్టించిన ఇళ్లివి. మిల్లు ఎప్పుడో మూతపడింది. ఎర్ర ఇటుక గోడలు, పొగగొట్టాలు అలాగే ఉన్నాయి, లోపల మాత్రం ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ఒక వసారాలో కుక్కకు దువ్వుతున్న కుర్రాడు మమ్మల్ని చూసి తనే ముందు పలకరించాడు. ఈ ప్రాంతంలో అది పద్ధతి. కళ్లు కలిస్తే పలకరించాలి, చూపు తిప్పుకుని పోతే అమర్యాద.

నేను విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం కరిగించి ఇనుము తీసే కొలిమి) దగ్గర పనిచేసి రిటైరయ్యాను. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన మా వయసు వాళ్లంతా నయాగరా చూడాలంటారు, నాకేమో అలబామాలోని ఇనుప ఊరు బర్మింగ్‌హామ్ చూడాలని ఉండేది. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం ముగిశాక, 1870ల నుంచి 1900 దాకా, దక్షిణాది పత్తి చేలు దాటి ఫ్యాక్టరీల్లోకి ఎలా వచ్చిందో, ఆ ఫ్యాక్టరీల్లో నల్లజాతి వాళ్లను ఎక్కడ నిలబెట్టారో ఆ చోటే నిలబడి చూడాలని. అల్లుడు సెలవు పెట్టాడు, మా ఆవిడ పులిహోర కలిపింది, బయల్దేరాం.

ఈ మిల్లు 1881 నాటిది. యజమాని జేకబ్ ఎల్సాస్ 1897 ఆగస్టులో సంచులు మడతపెట్టే విభాగంలోకి ఇరవై మంది దాకా నల్లజాతి ఆడవాళ్లను తీసుకున్నాడు. వాళ్ల పక్కన పనిచేయబోమని తెల్లజాతి ఆడవాళ్లు బయటికి వచ్చేశారు. చూస్తుండగానే సమ్మె 1,400 మందికి పాకింది. యజమాని తగ్గాడు, కొత్తగా వచ్చిన ఆడవాళ్లను పంపేశాడు. మిల్లు పని దుమ్ముతో, చాలీచాలని కూలితో నడిచేదే. అయినా నీడపట్టున చేసే పని కాబట్టి అది తెల్లవాళ్లకే అనుకున్నారు. నల్లజాతి వాళ్లకు మిగిలినవి కొలిమి, బొగ్గుగని, ఇటుక బట్టీ, పరాయి ఇళ్ల బట్టలుతకడం.

బట్టలుతికే ఆడవాళ్ల కథ విని మా ఆవిడ నడక ఆపేసింది. 1881 జులైలో ఇరవై మంది చాకలి పని చేసే నల్లజాతి ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, డజను పౌన్ల బట్టలకు ఒక డాలరు ఇస్తేనే ఉతుకుతామన్నారు. మూడు వారాల్లో మూడు వేల మందయ్యారు. కొందరిని అరెస్టు చేశారు, జరిమానాలు వేశారు. ఒక్కొక్కరూ ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు కట్టాలని నగర కౌన్సిల్ బెదిరించింది. కడతాం, కానీ మా రేటు మాకివ్వాలని వాళ్లు రాసి పంపారు. అప్పట్లో డబ్బున్న వాళ్లే కాదు, మామూలు తెల్ల కుటుంబాలు కూడా బట్టలు బయటికిచ్చేవి. ఊరంతా మాసిన బట్టలతో వారాల తరబడి గడిపింది.

ఆ ఏడాది అట్లాంటా మేయరు జేమ్స్ ఇంగ్లిష్. ఆయన సొంతదే చాటహూచీ బ్రిక్ కంపెనీ. సాయంత్రం అక్కడికి వెళ్లాం, ఊరికి వాయవ్యాన, నది ఒడ్డున. చూడ్డానికి ఏమీ లేదు. కంచె, పిచ్చి చెట్లు, రైలు పట్టాలు. 2022లో అట్లాంటా నగరం ఈ స్థలం కొన్నది. ఒకప్పుడు ఇక్కడ వందల మంది ఖైదీలు లక్షల ఇటుకలు కాల్చారు. జార్జియా రాష్ట్రం వాళ్లను కంపెనీకి అద్దెకిచ్చింది. తిండి సరిగా పెట్టరు, కాలుతున్న బట్టీలోంచి వేడివేడి ఇటుకలు మోయిస్తారు, పరుగు తగ్గితే కొరడా. 1908లో శాసనసభ విచారణలో ఈ సంగతులన్నీ బయటికి వచ్చాకే జార్జియా ఖైదీల లీజు ఆపేసింది. పొద్దున మేం నడిచిన పాత పేటల కాలిబాటల్లో ఆ ఇటుకలు ఎన్ని ఉన్నాయో!

గురువారం, బర్మింగ్‌హామ్

అలబామాలోకి అడుగుపెట్టాక ఒక పెట్రోలు బంకు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్నారు. పెద్ద గ్లాసుడు ఆరు డాలర్లు. ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ మన ఊరి సంత గుర్తొచ్చింది. అమ్మే పెద్దాయన మా ఆవిడను “మ్యామ్” అనకుండా ఒక్క మాటా మాట్లాడలేదు.

బర్మింగ్‌హామ్ 1871లో పుట్టిన ఊరు. అంతకుముందు అక్కడ ఉన్నవి మొక్కజొన్న చేలు. రెండు రైలు మార్గాలు కలిసేచోట ఒక భూముల కంపెనీ స్థలాలు కొని, గీతలు గీసి, ఇంగ్లండులోని పారిశ్రామిక నగరం పేరు పెట్టి అమ్మింది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, మూడూ ఒకదానికొకటి కూతవేటు దూరంలో దొరికే చోటు. మా విశాఖకు ఖనిజం బైలదిల్లా నుంచి, కోకింగ్ బొగ్గు ఓడల్లో పరదేశం నుంచి వచ్చేవి. మూడూ ఇంటి ముందే ఉన్న ఊరంటే ఏమిటో ఫర్నేస్ నడిపినవాడికి తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనం “మీట్ అండ్ త్రీ” హోటల్లో. ఒక మాంసం, మూడు కూరలు, మొక్కజొన్న రొట్టె, పధ్నాలుగు డాలర్లు. గురువారం కాబట్టి మా ఆవిడ నీచు ముట్టదు. ఆకుకూర వేయమంది. వడ్డించే ఆవిడ గరిట ఆపి, “అమ్మా, అందులో పంది మాంసం వేసి ఉడికిస్తాం, మీరు తినరనుకుంటా” అని తనే చెప్పింది. అలసందల్లో కూడా అంతేనంది. చివరికి వేయించిన బెండకాయలు, మెదిపిన చిలగడదుంప, రొట్టె పెట్టి మాంసం డబ్బులు తీసుకోలేదు. ఈ వంటంతా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ల చేతుల్లో తయారైనదే. బెండ కూడా వాళ్లతోనే సముద్రం దాటింది.

తర్వాత స్లాస్ ఫర్నేసెస్, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న పాత ఇనుప కర్మాగారం. ప్రవేశం ఉచితం. జేమ్స్ విథర్స్ స్లాస్ 1881లో కట్టడం మొదలుపెట్టాడు, 1882 ఏప్రిల్‌లో మొదటి ఫర్నేస్ వెలిగింది. 1971 దాకా నడిచింది. ఇప్పుడున్న కట్టడాలు తర్వాతి తరాలవి, వాటిలో పాతది ఫర్నేస్‌లోకి గాలి ఊదే బ్లోయింగ్ ఇంజన్ల 1902 నాటి భవనం. ఎనిమిది ఆవిరి ఇంజన్లు, మనిషికి మూడింతల ఎత్తు చక్రాలు. నేను చేత్తో తడిమి చూశాను. గాలిని వేడిచేసే స్టవ్‌లు, పైనుంచి వాయువు దిగే డౌన్‌కమర్, గాలి ఊదే ట్యుయర్లు... ఒక్కొక్కటీ పేరు పెట్టి అల్లుడికి చూపించాను.

కరిగిన ఇనుము బయటికి తీసే కాస్ట్ హౌస్‌లోకి వెళ్లాక మాత్రం మాట రాలేదు. మా ఫర్నేసుల్లో ముడిసరుకు కన్వేయర్ మీద పైకెళ్తుంది, కరిగిన ఇనుము లాడిల్లో పడుతుంది, మనిషి అల్యూమినియం కోటు వేసుకుని దూరంగా నిలబడతాడు. ఆ కోటు వేసుకుని నిలబడినా ఒళ్లు కమిలిపోయేది. 1880లలో ఇక్కడ ఖనిజం, కోక్, రాయి తోపుడు బళ్లలో మనుషులే తోసి ఫర్నేస్‌లోకి పోసేవాళ్లు. కరిగిన ఇనుము ఇసుకలో చేసిన గాడుల్లోకి పారేది. అది ఎర్రగా ఉండగానే పైన నడుస్తూ సమ్మెటలతో ముక్కలు కొట్టి, ఒక్కో దిమ్మెనూ చేతులతో ఎత్తి బండిలో వేసేవాళ్లు. జులై ఎండలో, అలబామాలో. ఆ పని చేసినవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి వాళ్లే. మేనేజర్లు, మెకానిక్కులు, నైపుణ్యం ఉన్నదని పేరున్న ప్రతి పనివాడూ తెల్లవాడు. కరిగిన లోహాన్ని చూసి అది కుదిరిందో లేదో చెప్పడం, సరిగ్గా ఎప్పుడు కొట్టాలో తెలియడం నైపుణ్యం కాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అది కాగితం మీద రాయని నైపుణ్యం, అందుకే జీతంలోకి రాలేదు.

అక్కడ మాకు దారి చూపించిన పెద్దాయన తాత ఇక్కడే పనిచేశాడట. స్నానాల గది చూపించాడు. తెల్లవాళ్లకు ఒక వైపు, నల్లవాళ్లకు ఒక వైపు, మధ్యలో గోడ. హాజరు వేసే గడియారాలు కూడా వేరు. “ఒకే ఫర్నేస్ దగ్గర ఒకే మసి పూసుకునేవాళ్లు, కడుక్కునేది మాత్రం వేరువేరుగా” అన్నాడు ఆయన, గొంతు ఏ మాత్రం పెంచకుండా.

ఒక సాంకేతిక సంగతి చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దాని చుట్టూ ఉంది. ఊరి పక్కనే ఉన్న రెడ్ మౌంటెన్ కొండ ఖనిజం మంచిది కాదు. ఇనుము మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఫాస్ఫరస్ ఎక్కువ, కాబట్టి చాలా ఏళ్లు దానితో ఉక్కు చేయలేకపోయారు, పైపులకూ పొయ్యిలకూ పనికొచ్చే పోత ఇనుమే చేశారు. అలాంటి సరుకుతో ఉత్తరాది కంపెనీలతో పోటీ పడి నెగ్గాలంటే ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గాలి. మనిషి దగ్గర తగ్గించారు. ఫ్యాక్టరీలు వస్తే కులమో రంగో దానంతటదే కరిగిపోతుందని చెప్పేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. బర్మింగ్‌హామ్‌లో రంగు కరగలేదు. సున్నపురాయి, బొగ్గు పక్కన ఇంకో ముడిసరుకుగా దాన్ని లెక్కలో వేసుకున్నారు.

శుక్రవారం, రెడ్ మౌంటెన్, ప్రాట్ సిటీ

పొద్దున్నే వల్కన్ విగ్రహం దగ్గరికి. కొలిమికి రోమన్ల దేవుడు వల్కన్. 56 అడుగుల పోత ఇనుప విగ్రహం, ప్రపంచంలో ఇంత పెద్ద పోత ఇనుప విగ్రహం ఇంకోటి లేదు. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శన కోసం పోశారు. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. విగ్రహం గొప్పగా ఉంది, పోత పనివాళ్లకు దణ్ణం పెట్టాలి. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

ప్రాట్ సిటీకి వెళ్తుంటే ఫోన్లో మ్యాప్ మమ్మల్ని ఒక రైలు పట్టాల దగ్గరికి తీసుకెళ్లి వదిలేసింది. దారి అక్కడితో ఆఖరు. వెనక్కి తిరిగితే గూడ్సు రైలు అడ్డంగా ఆగి ఉంది, కదలదు. పక్కనే ఒక ఇంటి వసారాలో కూర్చున్న ముసలావిడ కారు ఆపమని చెయ్యూపింది. మేం ఎవరం, ఎక్కడి నుంచి, భోజనాలయ్యాయా, అన్నీ అడిగాకే దారి సంగతి. చల్లటి నీళ్ల సీసాలు తెచ్చి ఇచ్చింది. పాత గనుల వైపు సమాధులు చూడటానికి వచ్చామంటే కాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఆ చెట్లలోకి ఆడుకోవడానికి వెళ్లనిచ్చేవాళ్లు కాదంది.

ఆ చెట్ల కింద నేల అక్కడక్కడా కుంగి ఉంటుంది. రాయి లేదు, పేరు లేదు. ప్రాట్ గనుల్లో చనిపోయిన ఖైదీలను పూడ్చిన చోట్లలో ఇదొకటి.

1865లో వచ్చిన పదమూడో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, నేరానికి శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు పెట్టి. ఆ మినహాయింపులోంచి మొత్తం వ్యవస్థ లోపలికి వచ్చింది. పని లేకుండా తిరిగినా నేరం, యజమాని అనుమతి లేకుండా పని మారినా నేరం. షెరీఫ్‌కూ (ఓట్లతో ఎన్నికయ్యే పోలీసు అధికారి) కోర్టు గుమాస్తాకూ నెల జీతం కాదు, కేసుకింత అని ఫీజు. జరిమానా, ఫీజులు కట్టలేని మనిషిని కంపెనీ “విడిపించి” గనిలోకి దించేది. టెన్నెసీ కోల్, ఐరన్ అండ్ రైల్‌రోడ్ కంపెనీ, టీసీఐ, 1886లో ప్రాట్ గనుల్ని కలుపుకుంది, 1888లో అలబామా రాష్ట్ర ఖైదీలందరి మీదా కాంట్రాక్టు తీసుకుంది. బలాన్ని బట్టి మనుషుల్ని తరగతులు చేశారు. రోజుకు ఇన్ని టన్నులు తవ్వాలి, తవ్వకపోతే కొరడా. 1898లో రాష్ట్ర ఆదాయంలో దాదాపు 73 శాతం ఈ ఖైదీల లీజు నుంచే వచ్చింది. రాష్ట్రానికి నేరాలు కావాలి, కంపెనీకి మనుషులు కావాలి. అంతకు రెండేళ్ల ముందు, 1896లో, డౌ జోన్స్ షేర్ మార్కెట్ సూచీ మొదలైనప్పుడు అందులోని పన్నెండు కంపెనీల్లో టీసీఐ ఒకటి. అదే ఏడాది, రైలు పెట్టెల్లో రంగును బట్టి వేరుచేయడం తప్పు కాదని ప్లెస్సీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఇది తెల్ల కార్మికుడికీ ఉరే అయింది. ఖైదీలు చేతిలో ఉన్నంతకాలం కూలీలు సమ్మెకు జంకుతారని టీసీఐ పెద్ద ఆర్థర్ కోల్యర్ దాచుకోకుండా చెప్పాడు. టెన్నెసీలో కోల్ క్రీక్ దగ్గర గని కార్మికులు 1891లో తుపాకులు పట్టి ఖైదీల శిబిరాల మీదికి వెళ్లి, ఖైదీలను రైలెక్కించి పంపేశారు. ఆ పోరు తర్వాత 1896కి టెన్నెసీ లీజు ఆపింది. అలబామాలో 1894 సమ్మెలో నల్ల, తెల్ల కార్మికులు ఒకే యూనియన్‌లో నిలబడ్డారు, ఓడిపోయారు. యూనియన్ మనిషిగా నాకు ఈ రెండు సంగతులూ పాఠ్యపుస్తకాల్లో ఉండాలనిపిస్తుంది.

అలబామా చివరిదాకా వదల్లేదు. 1911 ఏప్రిల్‌లో బ్యానర్ గనిలో పేలుడుకు 128 మంది చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతి ఖైదీలు. చాలామంది చిన్నచిన్న తప్పులకు జైలుకొచ్చినవాళ్లు. లీజు ఆగింది 1928లో.

రాత్రి గ్రీకు వలసదారులు ఈ ఊరికి అలవాటు చేసిన హాట్ డాగ్ తిన్నాం, ముగ్గురికీ ఇరవై డాలర్ల లోపే. ఆ సాస్ బాగుంటుంది, మసాలా తెలుస్తుంది.

శనివారం, కొలంబియానా మీదుగా మాంట్‌గోమరీ

కొలంబియానా షెల్బీ కౌంటీ కేంద్రం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. చిన్న ఊరు, మెయిన్ స్ట్రీట్ చివర కోర్టు. కాఫీ షాపులో అమ్మాయి “హనీ” అంటూ కప్పు అందించింది. గ్రీన్ కాటెన్‌హామ్ అనే ఇరవై రెండేళ్ల యువకుణ్ణి 1908 మార్చిలో ఇక్కడే పట్టుకున్నారు. తల్లిదండ్రులు ఒకప్పటి బానిసలు. నేరం, పని లేకుండా తిరగడం. శిక్ష ముప్పై రోజులు. ఫీజులు కట్టలేకపోవడంతో అది దాదాపు ఏడాదైంది. నెలకు పన్నెండు డాలర్లకు అతన్ని టీసీఐకి ఇచ్చారు. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ యూఎస్ స్టీల్ చేతికి వచ్చింది. ప్రాట్ గనుల్లో పన్నెండో నంబరు వాలు గనిలో దించారు, ఆగస్టులో చనిపోయాడు. నిన్న చూసిన కుంగిన నేలల్లో అతనిది ఏదో ఎవరూ చెప్పలేరు.

మాంట్‌గోమరీలో బానిసత్వం, దాని తర్వాతి హింస గురించి చెప్పే లెగసీ మ్యూజియం, మూకల చేతిలో చనిపోయినవాళ్ల స్మారకం అన్నీ కలిపి మనిషికి ఐదు డాలర్లే. ఇంత తక్కువ పెట్టడం మంచి పని, స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తున్నారు. మ్యూజియంలో గాజు సీసాల్లో మట్టి ఉంది. మనుషుల్ని మూక కట్టి చంపిన చోట్ల నుంచి వాళ్ల బంధువులూ ఊరివాళ్లూ తవ్వి తెచ్చిన మట్టి. ఎర్రది, నల్లది, ఇసుకది. మా ఆవిడ ప్రతి సీసా మీదా పేరు చదవడం మొదలుపెట్టింది, అల్లుడు తొందరపెట్టబోతే వద్దన్నాను.

అక్కడ రాసి ఉన్న ఒక లెక్క దగ్గర నేను ఆగిపోయాను. 1900లో అలబామాలో ఓటు హక్కున్న నల్లజాతి మగవాళ్లు లక్షా ఎనభై వేలకు పైగా. 1901లో కొత్త రాజ్యాంగం వచ్చింది, ఓటు వేయాలంటే పోల్ టాక్స్ అనే పన్ను, చదువు పరీక్ష, ఆస్తి షరతు పెట్టింది. 1903కి మిగిలింది మూడు వేల కంటే తక్కువ. ఓటు లేనివాడు షెరీఫ్‌ను మార్చలేడు. షెరీఫ్ మారకపోతే గనికి మనుషులు అందుతూనే ఉంటారు.

కొండ మీద స్మారకంలో ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మెలు, కౌంటీకి ఒకటి, వాటి మీద అలా మూకల చేతిలో చనిపోయిన 4,400 మందికి పైగా పేర్లు. మొదట కళ్ల ఎత్తున ఉంటాయి. నడుస్తుంటే నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు తల మీదికి వెళ్లిపోతాయి. కోర్టెన్ ఉక్కు అది. పైన పట్టే తుప్పే లోపలి లోహాన్ని కాపాడుతుంది. మా అమ్మాయి వాళ్లు ఉండేది జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ. అల్లుడే ఆ దిమ్మె వెతికాడు. పేరు కనబడగానే వేలితో చూపించి, “మావయ్యగారూ, ఇది మన కౌంటీ” అన్నాడు.

ఆదివారం, కమ్మింగ్

ఇంటికి వస్తూ మా ఫోర్సైత్ కౌంటీ కేంద్రం కమ్మింగ్ ఊరి నడిబొడ్డున ఆగాం. 1912 సెప్టెంబరులో ఇక్కడ రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి జైల్లోంచి లాగి చంపారు. ఆ తర్వాత కొద్ది వారాల్లో, ఇళ్లు తగలబెట్టి, తుపాకులు చూపించి, కౌంటీలోని నల్లజాతి వాళ్లందర్నీ, సుమారు 1,100 మందిని, తరిమేశారు. వాళ్లలో భూమి ఉన్న రైతులున్నారు, చర్చీలు కట్టుకున్నవాళ్లున్నారు. 1987లో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఇక్కడ ఊరేగింపు తీసే నాటికి కూడా ఇది దాదాపు పూర్తిగా తెల్లవాళ్ల కౌంటీయే. ఇప్పుడు ఇదే కౌంటీలో వేల మంది తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుని ఉంటున్నారు. మంచి స్కూళ్లున్నాయని వచ్చారు. నా కూతురూ అందుకే వచ్చింది.

సాయంత్రం కాలనీలో నడకకు వెళ్లాను. మాలాగా పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు రోజూ అక్కడ కలుస్తారు. ఎక్కడికి వెళ్లొచ్చారంటే చెప్పాను, ఇటుక కంపెనీ కంచె నుంచి కమ్మింగ్ దాకా అంతా. చాలామందికి 1912 సంగతి కొత్త. ఇద్దరు నమ్మలేదు కూడా. అనంతపురం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు మాత్రం చివరిదాకా విని, “మరి వాళ్ల భూములు ఎవరి పేరు మీదికి మారాయండీ?” అని అడిగారు. కొన్నిటిని కారుచౌకగా అమ్మించారు, కొన్నిటికి అమ్మకం కాగితమే లేదు, పొరుగువాళ్లు పన్ను కట్టుకుంటూ పోయి సొంతం చేసుకున్నారని చెప్పాను. “పన్ను రసీదులుంటే దస్తావేజులు కూడా ఉంటాయి. ఇక్కడ రికార్డులు ఎవరైనా చూడొచ్చంటారు కదా” అన్నారాయన. మంగళవారం ఇద్దరం కౌంటీ రికార్డుల ఆఫీసుకు వెళ్తున్నాం. మా కాలనీ ఉన్న నేల 1912లో ఎవరి పేరున ఉందో ముందు అది చూడాలి.